ఆరోగ్య పాఠం: అరటిపండు లేని ఆట

వీధిలో ఆడుకునే ఆటల్లో మన పెద్దలు ఒక మంచి ఏర్పాటు చేసి ఉంచారు. పెద్ద పిల్లలు దొంగాట ఆడుతుంటే అన్న వెనకాలే నాలుగేళ్ల తమ్ముడూ వచ్చి నిలబడతాడు. వాడిని పొమ్మనరు. "వీడు ఆటలో అరటిపండు" అంటారు. వాడు అందరితో పాటు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, కేకలు వేయవచ్చు. పట్టుబడినా దొంగ కాడు. వాడి వల్ల ఏ జట్టూ ఓడిపోదు. అలా రెండేళ్లు అరటిపండుగా తిరిగి, ఆట నేర్చుకుని, తరువాత అసలు ఆటగాడు అవుతాడు.

ఈ పాఠంలో మనం సెల్‌ఫోనులో ఇంటర్నెట్ ద్వారా పలువురు కలిసి ఆడే ఆటల గురించి తెలుసుకుందాం. ఆ ఆటల్లో అరటిపండుకు చోటు లేదు. ఆట సరిగా రానివాడిని అక్కడ "నూబ్" అంటారు. అది తిట్టు. మొదటి రోజు నుండే లెక్క మొదలవుతుంది. తడబడినవాడిని జట్టులోని తోటివారే, ముక్కూ మొహం తెలియనివారు, చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోనులోంచి తిడతారు. సరదాగా మొదలైన ఆట ఇలా తిట్ల పోరుగా మారడాన్ని ఆడేవారే "టాక్సిక్" అంటున్నారు. విషం ఎక్కింది అని ఆ మాటకు అర్థం.

పాకం ముదిరిన తీరు

చోడవరం చుట్టుపక్కల బెల్లం వండేవారికి ఒక సంగతి బాగా తెలుసు. పెనం కింద మంట ఒకటే. అదే రసం, అదే పెనం. అయినా దించవలసిన సమయం దాటితే పాకం ముదిరిపోతుంది. సెల్‌ఫోను ఆటలకు కూడా ఇదే జరిగింది.

ముంబయికి చెందిన గేమేషన్ సంస్థ 2016లో లూడో కింగ్ అనే ఆటను విడుదల చేసింది. మన అష్టాచెమ్మాకు, పచ్చీసుకు చుట్టం వంటి ఆట అది. పాచిక ఎలా పడితే అలా నడవడమే. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదులో ఉన్న కొడుకు, చోడవరంలో ఉన్న అమ్మానాన్న, దుబాయిలో ఉన్న మేనమామ ఒకే పలక మీద ఆడుకోవడానికి ఇటువంటి ఆటలు ఉపయోగపడ్డాయి. అది మంచిదే. కాని అదే లాక్‌డౌన్ రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, గుజరాత్‌లోని వడోదరలో ఆన్‌లైన్ లూడోలో భార్య చేతిలో వరుసగా ఓడిపోయిన భర్త ఆమెను కొట్టగా ఆమె వెన్నెముకకు గాయమైందని పత్రికలు రాశాయి. పాచిక మీద ఆధారపడిన ఆటలో గెలిచినవారి గొప్ప గాని, ఓడినవారి తప్పు గాని ఏమున్నది? అయినా చేయి లేచింది. కాబట్టి ఈ పాఠం పిల్లలకే అనుకుని పెద్దలు పక్కన పెట్టవద్దు.

తుపాకులతో కాల్చుకునే పబ్‌జీ మొబైల్ 2018లో మన దేశానికి వచ్చింది. ఒక ఆటలో వందమంది దిగుతారు, చివరి వరకు బతికినవారిదే గెలుపు. 2019 జనవరిలో ప్రధానమంత్రి విద్యార్థులతో జరిపిన "పరీక్షా పే చర్చా"లో ఒక తల్లి తన కొడుకు ఆన్‌లైన్ ఆటల సంగతి ప్రస్తావిస్తే, ప్రధాని వెంటనే పబ్‌జీ పేరు ఎత్తారు. అంతగా ఇంటింటికీ చేరింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఒకటి. 2021 జూలైలో బీజీఎంఐ అనే పేరుతో దానికి బదులు మరొకటి వచ్చింది. అది 2022 జూలైలో ఆగింది, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధిస్తే పిల్లలు ఫ్రీ ఫైర్ మాక్స్‌కు మారారు. ఒక ఆటను ఆపితే మరొక ఆట దొరికింది, కోపం మాత్రం అలాగే ఉన్నది. అందుచేత ఆట పేరు కన్నా ఆ వేడి ఎక్కడి నుండి వస్తున్నదో చూడడం మనకు ముఖ్యం.

వేడి ఎక్కడి నుండి వస్తున్నది?

ఆటలో తుపాకులు ఉన్నాయి గనుక పిల్లలు దురుసుగా మారుతున్నారని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. అది కొంతవరకు ఆలోచించవలసినదే. కాని తుపాకులు లేని లూడోలోను, కారమ్స్‌లోను, క్రికెట్ ఆటలోను అవే తిట్లు వినబడుతున్నాయి. అసలు కారణం వేరే చోట ఉన్నది.

మొదటిది ర్యాంకు. ఈ ఆటల్లో ప్రతి గెలుపుకు పాయింట్లు పెరుగుతాయి, ప్రతి ఓటమికి తరుగుతాయి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ అని మెట్లు ఉంటాయి. ఇటువంటి లెక్క చదరంగం నుండి వచ్చినదే. అమెరికాలో స్థిరపడిన భౌతిక శాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఏలో దానిని తయారు చేయగా, ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. చదరంగంలో ఆ లెక్క చెడు చేయలేదే, ఇక్కడ ఎందుకు చేస్తున్నది? మన కోనేరు హంపి 2019లోను, మళ్లీ 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగ విజేత అయ్యారు. అంతటి పోటీలోనైనా ఆటకు ముందు, తరువాత ఎదుటివారితో చేయి కలపాలి. ఆట సాగుతుండగా ఎదుటివారిని మాటలతో ఇబ్బంది పెట్టకూడదు. పక్కనే ఆర్బిటర్ ఉంటారు. టోర్నమెంటుకు ఒక ముగింపు ఉంటుంది, తరువాత ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకుంటారు. సెల్‌ఫోను ఆట చదరంగం నుండి లెక్కను తీసుకున్నది గాని, ఆ మర్యాదను, ఆ ముగింపును తీసుకోలేదు. పైగా కొన్ని వారాలకొకసారి "కొత్త సీజన్" అంటూ ఎక్కిన మెట్ల నుండి కిందికి దించుతుంది. రెండు నెలలు రాత్రులు మేలుకుని సంపాదించిన డైమండ్ ఒక ఉదయానికి కనబడదు. పిల్లవాడు మళ్లీ మొదలు పెట్టాలి. పోటీ పాపమని మేము చెప్పడం లేదు. ముగింపు లేని పోటీ మనిషిని అలసిపోనిస్తుంది గాని ఆగనివ్వదు.

రెండవది ముఖం కనబడకపోవడం. వీధిలో గోళీలాడుతూ ఎవరైనా తొండి చేస్తే గొడవ అవుతుంది, నిజమే. కాని సాయంత్రానికి వాళ్లమ్మ మన అమ్మతో కుళాయి దగ్గర మాట్లాడుతూ ఉంటుంది. మరునాడు అదే బడిలో అదే బెంచీ మీద కూర్చోవాలి. అందుకని తిట్టుకు ఒక హద్దు ఉంటుంది, రాజీ కూడా త్వరగానే కుదురుతుంది. సెల్‌ఫోనులో జట్టు కట్టినవాడు ఏ ఊరివాడో తెలియదు, ఆట అయిన తరువాత మళ్లీ కనబడడు. మన పేరు కూడా అక్కడ మనది కాదు, ఏదో మారుపేరు. పేరూ ముఖమూ లేనప్పుడు మనిషి నోటికి అదుపు తప్పుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సూలర్ 2004లోనే ఒక వ్యాసంలో వివరించారు. ఇక్కడ తల్లిదండ్రులు గమనించవలసినది ఒకటి ఉన్నది. మన పిల్లలు అర్థం తెలియని హిందీ బూతులు, ఇంగ్లీషు బూతులు ఈ ఆటల్లోనే నేర్చుకుంటున్నారు. తల్లిని, కులాన్ని, మతాన్ని తీసి తిట్టడం అక్కడ మామూలు అన్నట్టు వింటున్నారు. ఆడపిల్ల గొంతు వినబడితే మాటలు మరీ నీచంగా ఉంటాయి. అందువల్ల చాలామంది ఆడపిల్లలు మైకు ఆపుకుని, మగపిల్లల పేరు పెట్టుకుని ఆడతారు.

మూడవది నెపం. నలుగురు కలిసిన జట్టు ఓడితే ఎవరో ఒకరి మీద వేయాలి. కొత్తవాడు, చిన్నవాడు, నెట్ సరిగా లేనివాడు దొరుకుతాడు. పల్లెలో సిగ్నల్ పోయి ఆట మధ్యలో ఆగిపోయిన పిల్లవాడిది తప్పేమిటి? అయినా తిట్లు వాడికే.

ఇలా తిట్టేవారంతా చెడిపోయిన పిల్లలే అనుకుంటే పొరపాటు. అమెరికాలోని రయట్ గేమ్స్ సంస్థ తన లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో తిట్లు ఎక్కువైనందున, తిట్టేది ఎవరని లెక్క తీసింది. ఎప్పుడూ దురుసుగా ఉండేవారి నుండి వచ్చినది సుమారు 13 శాతం మాత్రమే. మిగిలిన 87 శాతం మామూలుగా బాగానే ఆడుకునేవారి నోటి నుండే వచ్చింది. ఆ రోజు ఏదో చిరాకు, వరుసగా రెండు ఓటములు, అంతే. అదే సంస్థ ఎదుటి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని ముందుగా మూసి ఉంచి, కావాలనుకున్నవారు తెరుచుకునేలా మార్చి చూసింది. ఒక వారంలోనే చెడు మాటలు 30 శాతానికి పైగా తగ్గాయి, మంచి మాటలు పెరిగాయి. ఎవరినీ శిక్షించలేదు. తలుపు దగ్గరకు వేసి ఉంచారు, అంతే. తల్లిదండ్రులుగా మనం ఏమి చేయవచ్చో ఇందులోనే ఉన్నది.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఆటలో మునిగినవాడి దగ్గర కూర్చుని చూడండి. కదలకుండా కూర్చున్నా శ్వాస వేగంగా ఉంటుంది, అరచేతులు చెమట పడతాయి, దవడ బిగుసుకుని ఉంటుంది. ఎవరో నిజంగా తరుముకొస్తున్నట్టు శరీరం అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. పరుగెత్తే ఆటలో ఈ శక్తి కాళ్లలోకి వెళ్లి ఖర్చయిపోతుంది. కూర్చుని ఆడే ఆటలో అది ఖర్చు కాదు. అదే సమయంలో అమ్మ వచ్చి "ఒరే గుంటడా, అన్నానికి రారా" అంటే ఆ కోపమంతా ఆమె మీదికి వస్తుంది. పిల్లవాడికి అమ్మ మీద కోపం లేదు. ఆవిరి ఎటు దారి దొరికితే అటు పోతుంది. మన కోరికలను అదుపు చేసే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటిన తరువాత గాని పూర్తిగా ఎదగదు. పదమూడేళ్ల వాడికి తనను తాను ఆపుకోవడం మనకన్నా కష్టం.

నిద్ర సంగతి ఇంకా ముఖ్యం. 6 నుండి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ల వారికి 8 నుండి 10 గంటలు నిద్ర కావాలి. రాత్రి పదకొండు గంటలకు ఓడిపోయిన ఆటతో పడుకున్న పిల్లవాడికి నిద్ర పట్టదు. మనసులో అదే ఆట తిరుగుతూ ఉంటుంది. ఉదయం బడిలో తూగుతాడు, చిన్న మాటకు విసుక్కుంటాడు, సాయంత్రం ఆ విసుగుతోనే మళ్లీ ఆటకు కూర్చుంటాడు. మెడ నొప్పి, కళ్ల మంట, తలనొప్పి అని వచ్చే పిల్లలను రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నారని ముందు అడగాలి.

ఇది జబ్బేనా?

ఆడే ప్రతివాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో "గేమింగ్ డిజార్డర్"ను చేర్చడానికి 2019 మే నెలలో ఆమోదం లభించింది, 2022 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆ పట్టిక ప్రకారం మూడు సంగతులు చూడాలి. ఆట మీద అదుపు పోవడం. చదువు, తిండి, స్నేహాలు, ఇంటి పనులు అన్నింటికన్నా ఆటే ముందు కావడం. నష్టం జరుగుతున్నదని తెలిసి కూడా ఆపకపోవడం లేక ఇంకా ఎక్కువ ఆడడం. దీనివల్ల జీవితం బాగా దెబ్బతినాలి, సాధారణంగా 12 నెలలు ఇలా సాగాలి, తీవ్రంగా ఉంటే అంతకన్నా ముందే గుర్తించవచ్చు. వేసవి సెలవుల్లో నెలరోజులు ఎక్కువ ఆడిన పిల్లవాడికి ఈ పేరు తగిలించకూడదు.

కాని జబ్బు కాదు గనుక ఏమీ ఫరవాలేదు అనుకోవడమూ సరి కాదు. ఆట ఎన్ని గంటలు ఆడాడన్నదే చాలామంది లెక్క పెడతారు. ఆట ముగించి లేచినప్పుడు ఎలా ఉన్నాడో చూడడం అంతకన్నా మంచి పరీక్ష అని మా అభిప్రాయం. ముప్పావు గంట ఆడి, నవ్వుతూ లేచి, ఓడినందుకు తనమీద తానే జోకు వేసుకునేవాడు ఆరోగ్యంగా ఉన్నాడు. అంతే సేపు ఆడి ముఖం మాడ్చుకుని, చెల్లెలిని తోసి, తలుపు విసిరి వెళ్లేవాడికి మన సహాయం అవసరం.

ఇంట్లో చేయవలసినవి

ఆట మధ్యలో ఫోను లాక్కోవద్దు. ఇది విని కొందరు తండ్రులు ఆశ్చర్యపోవచ్చు. జట్టులో ముగ్గురు వాడి మీద ఆధారపడి ఉంటారు, మధ్యలో వెళ్లిపోయినవాడికి పాయింట్లు పోతాయి, తిట్లూ పడతాయి. అందుకని వాడు చావుబతుకుల సమస్య అన్నట్టు పెనుగులాడతాడు. పబ్‌జీ వంటి పెద్ద ఆట ఒకటి సుమారు అరగంట పడుతుంది. "పది నిమిషాల్లో ఆపు" అన్నదానికన్నా "ఇది అయిన తరువాత ఇంకొకటి మొదలుపెట్టవద్దు" అన్నది పిల్లవాడు పాటించగలిగిన మాట. వరుసగా రెండు ఓడిపోతే ఆ రోజుకు ఆపేయాలి అనే నియమం ఇంకా మంచిది. ఓడిన కోపంలో మొదలుపెట్టే మూడవ ఆటలోనే నోరు జారేది.

తెలియనివారి గొంతును మూసేయండి. ఇలా పలువురు కలిసి ఆడే చాలా ఆటల్లో మ్యూట్, బ్లాక్, రిపోర్ట్ అనే ఏర్పాట్లు ఉంటాయి. పిల్లవాడినే అడిగి నేర్చుకోండి. వాడు గురువు, మీరు శిష్యులు అయితే వాడికి సంతోషం కూడా. బడి స్నేహితులు, అన్నదమ్ములు, బావమరుదులు ఇలా తెలిసినవారితోనే జట్టు కట్టేలా చూడండి. ఆట అదే అయినా సోమవారం బడిలో కలవవలసినవారితో ఆడేటప్పుడు మాట దానంతట అదే మెత్తబడుతుంది. ఫోను నంబరు, బడి పేరు, ఫోటో తెలియనివారికి ఇవ్వకూడదని గట్టిగా చెప్పండి.

రాత్రి ఫోను పిల్లల మంచం దగ్గర ఉండకూడదు. పెద్దల ఫోను కూడా అక్కడే, హాలులోనే పెడితే ఈ నియమం నిలుస్తుంది. తండ్రి మంచం మీద పడుకుని అర్ధరాత్రి దాకా రమ్మీ ఆడుతూ కొడుకును తిడితే వాడు వింటాడా?

రమ్మీ అన్నాము గనుక డబ్బు సంగతి కూడా. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. పందెం లేని ఆటలకు ఆ నిషేధం లేదు. కాని వాటిలోనూ తుపాకులకు రంగులు, బొమ్మలకు బట్టలు అంటూ కొనుగోళ్లు ఉంటాయి. పాత బట్టలతో ఉన్న బొమ్మను చూసి తోటివారు ఎగతాళి చేస్తారు, పిల్లవాడు అమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టేస్తాడు. బ్యాంకు ఖాతా ఉన్న ఫోనులో ఆటలు పెట్టకండి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల హద్దు పెట్టింది. అది ఆ సంస్థ పెట్టుకున్న హద్దు. బడి ఉన్న రోజున మూడు గంటలు ఆడి, చదువుకుని, తొమ్మిది గంటలు నిద్రపోవడం ఎలా సాధ్యమో ఎవరైనా గడియారం ముందు పెట్టుకుని లెక్క వేసుకోవచ్చు.

సంఘ పెద్దలకు, యౌవనుల నాయకులకు ఒక మాట. కూడికలో "సెల్‌ఫోను సాతాను పని" అని ప్రసంగిస్తే పిల్లలు తల వంచుకుని విని, బయటకు వెళ్లి ఆడుకుంటారు. మీతో మాత్రం ఆ సంగతి ఇక ఎప్పుడూ చెప్పరు. నాలుకను గురించి యాకోబు పత్రిక 3వ అధ్యాయం కుటుంబ ప్రార్థనలో చదివి, "ఈ వారం ఆటలో నిన్ను ఎవరైనా ఏమన్నారు? నువ్వు ఎవరినైనా ఏమన్నావు?" అని అడిగి చూడండి. రెండు ప్రశ్నలూ అడగాలి. తిట్లు తిన్న పిల్లవాడే మరునాడు తనకన్నా చిన్నవాడిని తిట్టేవాడు అవుతాడు. చర్చి ఆవరణలో ఒక కారమ్స్ బల్ల, ఒక వాలీబాల్ నెట్ ఉంటే ఇంకా మంచిది. ఆటలో అరటిపండును మళ్లీ చేర్చుకోవడానికి అక్కడ వీలుంటుంది.

వైద్య సహాయం ఎప్పుడు?

బడి మానేయడం, అన్నం మానేయడం, రాత్రంతా మేలుకోవడం, ఇంట్లో దొంగతనం, ఫోను తీసుకుంటే వస్తువులు పగలగొట్టడం లేక ఎవరినైనా కొట్టడం, ఒంటరిగా ముడుచుకుపోవడం – ఇవి వారాల తరబడి కనబడితే డాక్టరును కలవండి. ఒక్కోసారి ఆట అసలు సమస్య కాదు. బడిలో ఎవరో ఏడిపిస్తూ ఉండవచ్చు, చదువు అందకపోవచ్చు, దిగులు జబ్బు ఉండవచ్చు. బయట ఎక్కడా గెలవలేని పిల్లవాడు గెలిచే చోటు వెతుక్కుంటాడు. ఆ మూలం చూడకుండా ఆటను ఒక్కటే తీసేస్తే పిల్లవాడికి మిగిలేదేమీ ఉండదు.

"చచ్చిపోతాను" అనే మాట పిల్లల నోట వస్తే, ఫోను కోసం బెదిరిస్తున్నాడని కొట్టిపారేయవద్దు. ఒంటరిగా వదలకండి, తిట్టకండి, ఆ రోజే వైద్య సహాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. విశాఖపట్నం వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో సెల్‌ఫోను, ఇంటర్నెట్ అలవాట్ల కోసమే 2014 నుండి ఒక ప్రత్యేక క్లినిక్ నడుస్తున్నది. అంత దూరం వెళ్లవలసిన అవసరం చాలామందికి రాదు.

డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేటప్పుడు "జ్వరానికి చూపిద్దాం రా" అని అబద్ధం చెప్పకండి. సంగతి చెప్పే తీసుకువెళ్లండి. వారం రోజులు పిల్లవాడు ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, ఎంతసేపు ఆడాడు, ఆట తరువాత ఎలా ఉన్నాడు అన్నది ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. గదిలోకి వెళ్లాక పిల్లవాడిని కాసేపు డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. మీరు బయట బల్ల మీద కూర్చోండి.